ఒకే ఫ్లాస్కు, పది రంగులు

బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే మా హనుమకొండలో ఇళ్ల ముందర గునుగు పూలు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. తెల్లటి ఆ పూల కాడలను సమంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా కట్టి, కొసలను రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, తంగేడు పూల నడుమ ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరుసలుగా పేర్చుతారు. పువ్వు ఒకటే అయినా ముంచిన రంగును బట్టి వరుస మారుతుందని చిన్నప్పుడే చూసిన నాకు, ఒక వస్తువు రంగు మారాలంటే దానికి ఏదో ఒకటి అద్దవలసిందే అన్న భావన చాలా కాలం ఉండిపోయింది. పరిశోధక విద్యార్థినిగా మొదటిసారి కాడ్మియం సెలినైడ్ నానోకణాలను, అంటే క్వాంటమ్ డాట్లు అనే అతి చిన్న స్ఫటికాలను, తయారు చేసిన సాయంత్రం ఆ భావన పోయింది. ఒకే ఫ్లాస్కులో నుండి మూడు నిమిషాల వ్యవధిలో తీసిన పది చిన్న సీసాలను చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద వరుసగా పెట్టినప్పుడు, మొదటి సీసా నీలి ఆకుపచ్చగా, నడిమివి పచ్చగా, పసుపుగా, చివరిది నారింజ రంగులో వెలిగాయి. వాటిలో దేనికీ రంగు కలపలేదు. పదింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం, తేడా కేవలం కణాల పరిమాణంలోనే ఉంది.

ఇప్పుడు నేను ఇదే ప్రయోగాన్ని ఎమ్మెస్సీ విద్యార్థుల చేత చేయిస్తున్నాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు, "మేడం, ఎర్ర రంగు రావాలంటే సెలీనియం ఎక్కువ వేయాలా?" అని అడుగుతారు. సహజమైన ప్రశ్నే, ఎందుకంటే మనకు తెలిసిన రసాయన శాస్త్రంలో రంగు పదార్థానిది, పరిమాణానిది కాదు. మైలుతుత్తం గడ్డగా ఉన్నా పొడిగా ఉన్నా నీలంగానే ఉంటుంది. అయితే కొన్ని నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు) స్థాయికి దిగిన అర్ధవాహకాల, అంటే విద్యుత్తును కొంత మేరకే ప్రసరింపజేసే సిలికాన్ వంటి పదార్థాల, విషయంలో ఆ సూత్రం సరిపోదు.

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లతో నిండిన ఒక శక్తి పట్టీ, దానికి పైన ఖాళీగా ఉన్న మరొక పట్టీ, ఆ రెండింటి నడుమ ఎలక్ట్రాన్ నిలవలేని ఒక అంతరం ఉంటాయి. ఆ అంతరాన్నే బ్యాండ్ గ్యాప్ అంటాము. కాంతి తగిలినప్పుడు ఎలక్ట్రాన్ పై పట్టీకి ఎగురుతుంది. అది ఖాళీ చేసిన చోటును హోల్ అంటాము. ఎలక్ట్రాన్ తిరిగి ఆ చోటికి దిగేటప్పుడు అంతరానికి సమానమైన శక్తిని కాంతిగా విడుదల చేస్తుంది. పెద్ద ముక్కగా ఉన్న కాడ్మియం సెలినైడ్‌లో ఈ అంతరం సుమారు 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం), అంటే కంటికి కనిపించే ఎరుపు అంచున ఉండే కాంతి. ఎలక్ట్రాన్, హోల్ జంట ఆ పదార్థంలో స్వేచ్ఛగా పరుచుకోవాలంటే సుమారు 5.6 నానోమీటర్ల వ్యాసార్ధం గల చోటు కావాలి. కణం మొత్తమే 2 లేదా 3 నానోమీటర్లు ఉన్నప్పుడు ఆ జంట ఇరుకున పడుతుంది, ఇరుకైన కొద్దీ దాని శక్తి పెరుగుతుంది. ఇలా ఇరుకులో బంధించడం వలన పెరిగే ఈ శక్తి స్థూలంగా కణ పరిమాణపు వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, కణం సగానికి తగ్గితే ఆ పెరుగుదల నాలుగింతలవుతుంది. అందుకే 2 నానోమీటర్లకు కాస్త పైబడిన కణాలు ఆకుపచ్చ వైపు, 6 నానోమీటర్ల కణాలు ఎరుపు వైపు వెలుగుతాయి. విద్యార్థికి నేను చెప్పే జవాబు కూడా ఇదే: ఎరుపు కావాలంటే కణాన్ని ఇంకొంత సేపు పెరగనివ్వాలి.

ఈ విషయం తెలిసింది ఒక్కచోట కాదు. 1980ల ఆరంభంలో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ రాగి క్లోరైడ్ కలిపిన గాజును 500 నుండి 700 డిగ్రీల మధ్య, ఒక గంట మొదలు 96 గంటల వరకు వేడి చేసి, గాజులో ఏర్పడిన స్ఫటికాల పరిమాణాన్ని బట్టి అది పీల్చుకునే కాంతి మారుతున్నదని చూపారు. 1983లో అమెరికాలో లూయీ బ్రూస్ ద్రావణంలో తేలియాడే కాడ్మియం సల్ఫైడ్ కణాలలో అదే సంగతిని గమనించారు. ఆయన కణాలను బల్ల మీద ఒక రోజు వదిలేసి వచ్చేసరికి అవి పెరిగి, వాటి కాంతి గుణం మారిపోయి ఉంది. ఈ ఒక్క రోజు సంగతి నాకు ఎంతో ఇష్టం, ఎందుకో చివరలో చెబుతాను. 1993లో మౌంజీ బావెండీ బృందం వేడి ద్రావకంలోకి మూల పదార్థాలను ఒక్కసారిగా ఇంజెక్ట్ చేసే పద్ధతిని కనుగొని, దాదాపు ఒకే పరిమాణం గల కణాలను కోరిన విధంగా తయారు చేయవచ్చని నిరూపించింది. ముగ్గురికీ కలిపి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బావెండీ బృందం వాడిన డైమిథైల్ కాడ్మియం గాలి తగిలితే అంటుకునే, విషపూరితమైన ద్రవం. అది మా వంటి సాధారణ ప్రయోగశాలలకు అందేది కాదు. 2001 ప్రాంతంలో దాని స్థానంలో కాడ్మియం ఆక్సైడ్ పొడిని వాడే మార్గం వచ్చిన తరువాతే ఈ పని నా వంటి వారి చేతుల్లోకి వచ్చింది.

మేము అనుసరించే కొలతలు ప్రపంచమంతటా డిగ్రీ ప్రయోగశాలల్లో వాడేవే. 13 మిల్లీగ్రాముల కాడ్మియం ఆక్సైడ్, 0.6 మిల్లీలీటర్ల ఒలీక్ ఆమ్లం, 10 మిల్లీలీటర్ల ఆక్టాడెసీన్ (నూనె వంటి ద్రావకం) ఒక ఫ్లాస్కులో. 30 మిల్లీగ్రాముల సెలీనియం పొడి, 5 మిల్లీలీటర్ల ఆక్టాడెసీన్, 0.4 మిల్లీలీటర్ల ట్రైఆక్టైల్‌ఫాస్ఫీన్ (ఇకపై క్లుప్తంగా ఫాస్ఫీన్ అంటాను) మరొక ఫ్లాస్కులో. ఒలీక్ ఆమ్లం అంటే కొత్తదేమీ కాదు, మన పల్లి నూనెలో బంధితమై అధికంగా ఉండే కొవ్వు ఆమ్లమే. అది ఇక్కడ రెండు పనులు చేస్తుంది: ముందు కాడ్మియాన్ని ద్రావకంలో కరిగేలా చేస్తుంది, తరువాత పుట్టిన కణాల ఉపరితలాన్ని అంటిపెట్టుకొని అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతుంది. సెలీనియం నల్లని పొడి మాత్రం ఆక్టాడెసీన్‌లో తనంతట తాను సులభంగా కరగదు. ఫాస్ఫీన్ తోడైతేనే గోరువెచ్చని వేడికి కరిగి రంగులేని ద్రావణం అవుతుంది. ఫాస్ఫీన్ వాసన భరించలేనిది, గాలి తగిలితే పాడయ్యేది కూడా, కాబట్టి ఆ పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగే గూడులో), నత్రజని కింద జరగాలి.

ఇక్కడ నేను కాస్త నిలబడి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పద్ధతిని రాసి పెట్టిన కాగితాల్లో ఇంజెక్షన్‌కు ముందరి పని అంతా తరచుగా ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది: వేడి చేయండి, గాలి తీసివేయండి, కరిగే వరకు ఆగండి. కొత్తగా వచ్చిన విద్యార్థి దానిని తొందరగా దాటవలసిన మెట్టుగా భావిస్తాడు. నా అనుభవంలో ఈ ప్రయోగం గెలిచేదీ ఓడేదీ అక్కడే. వానాకాలంలో మా ఊరి గాలిలో తేమ ఎంత ఉంటుందో తెలిసినదే. ఆగస్టులో మూత తెరిచి పెట్టిన ద్రావకంలోకి, సరిగా ఆరని గాజు సామగ్రిలోకి అది చేరుతుంది. ఆ నీటిని ముందుగా తీయకపోతే 200 డిగ్రీలు దాటిన నూనెలో అది చిటపటలాడి చిమ్ముతుంది, ద్రావణం ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు. కాబట్టి గాజు సామగ్రిని ముందు రోజు రాత్రే ఓవెన్‌లో పెడతాము. ఫ్లాస్కును 110 డిగ్రీల దగ్గర వాక్యూమ్ పంపుకు తగిలించి, బుడగలు పూర్తిగా ఆగేవరకు, కనీసం అరగంట, కలుపుతూ ఉంచుతాము. తరువాత నత్రజని నింపి వేడి పెంచుతాము.

ఆ వేడి పెంచే దశలో కళ్లారా చూడదగిన మార్పు ఒకటి జరుగుతుంది. కాడ్మియం ఆక్సైడ్ ఇటుక పొడి వంటి ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. స్టిర్రర్ తిరుగుతున్నంత సేపు ఫ్లాస్కు మొత్తం తుప్పు నీళ్లలా కనిపిస్తుంది. ఉష్ణోగ్రత పెరుగుతున్న కొద్దీ మొదట మార్పేమీ ఉండదు; తరువాత అంచుల వద్ద పలుచబడుతుంది; 200 డిగ్రీలు దాటే సరికి కొద్ది నిమిషాల్లోనే ఎరుపంతా మాయమై ఫ్లాస్కు మంచినీళ్లంత తేటగా మారుతుంది. పొడి ఒలీక్ ఆమ్లంతో కలిసి కాడ్మియం ఒలియేట్‌గా మారిందనడానికి అదే గుర్తు. ఈ చర్యలో కొంచెం నీరు పుడుతుంది; నత్రజని ప్రవాహం దానిని బయటికి తీసుకుపోయే వరకు ఆగడం మంచిది. ఫ్లాస్కు అడుగున చిన్న గోధుమ చుక్క మిగిలి ఉన్నా నేను విద్యార్థులను ముందుకు వెళ్లనివ్వను, ఎందుకంటే కరగని ఆ రేణువుల మీదనే కొత్త పదార్థం పేరుకొని, మనం లెక్కించని కణాలు తయారవుతాయి.

ఇక ఇంజెక్షన్. ద్రావణం 225 డిగ్రీల వద్ద స్థిరపడిన తరువాత, గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలీనియం ద్రావణాన్ని 1 మిల్లీలీటరు సిరంజిలో తీసుకొని ఫ్లాస్కు మూతికి బిగించిన రబ్బరు సెప్టం గుండా ఒక్క తోపుతో లోపలికి పంపాలి. ఆ క్షణంలో ద్రావణంలో మూల పదార్థం మోతాదు మించుతుంది, అసంఖ్యాకంగా బీజ కణాలు ఒకేసారి పుడతాయి. అవి పుట్టడంతోనే మూల పదార్థం గాఢత తగ్గుతుంది, చల్లని ద్రావణం చేరడం వలన ఉష్ణోగ్రత కూడా కొంత పడిపోతుంది. ఈ రెండూ కలిసి కొత్త బీజాలు పుట్టకుండా తలుపు మూసివేస్తాయి. అప్పటి నుండి జరిగేదంతా పుట్టిన కణాలు పెరగడమే. అన్నీ ఒకే క్షణంలో పుట్టి, ఒకే వేగంతో పెరిగితే, ఏ క్షణంలో చూసినా అన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. పద్ధతి మర్మమంతా ఇదే.

దీని విలువ నాకు తెలిసింది తప్పు చేసిన తరువాతే. తొలినాళ్లలో ప్రయోగశాలలో ఉన్న సన్నని సూదినే వాడాను. నూనె వంటి చిక్కని ద్రావణం ఆ సూదిలో నుండి వేగంగా దిగలేదు. చేతి బొటనవేలు నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కినా లోపలికి వెళ్లడానికి పది సెకన్లకు పైగా పట్టింది. పైకి అంతా సవ్యంగానే కనిపించింది, రంగు మారింది, నేను సీసాలు నింపుకున్నాను. దీపం కింద పెడితే స్వచ్ఛమైన పచ్చదనం బదులు బూడిద కలిసిన పసుపు వంటి మసక వెలుగు వచ్చింది. వెలువడే కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో చూస్తే నిటారైన శిఖరానికి బదులుగా రెండు మూపురాలు గల వెడల్పాటి దిబ్బ కనిపించింది. మంచి నమూనాలో ఆ శిఖరం సగం ఎత్తులో వెడల్పు 30 నానోమీటర్ల (ఇది కణం పరిమాణం కాదు, కాంతి తరంగదైర్ఘ్యపు కొలత) దరిదాపుల్లో ఉంటుంది, నాది అందుకు రెండింతలు దాటింది. మొదటి సెకనులో పుట్టిన కణాలు పెరుగుతూ ఉండగానే పదో సెకను వరకు కొత్త కణాలు పుడుతూ వచ్చాయి, ఫలితంగా అన్ని వయసుల కణాలూ కలగలిసిపోయాయి. మూడు వారాల పాటు పదార్థాల స్వచ్ఛతను అనుమానించి, సెలీనియం సీసా కూడా కొత్తది తెప్పించిన తరువాత, అసలు కారణం సూది అని గ్రహించాను. లావుపాటి సూది తగిలించి, ఒకే ఊపులో తోసిన రోజున నమూనా నిటారుగా వచ్చింది. ఇప్పుడు మా విద్యార్థులు అసలు ప్రయోగానికి ముందు అదే సిరంజితో, ఉత్త ఆక్టాడెసీన్‌తో, చల్లని ఫ్లాస్కులోకి కనీసం ఐదు సార్లు అభ్యాసం చేస్తారు.

ఇంజెక్షన్ అయిన వెంటనే నమూనాలు తీయడం మొదలవుతుంది. అరిసెలకు మా అమ్మ బెల్లం పాకం పట్టేటప్పుడు పక్కన పళ్లెంలో చల్లని నీళ్లు పెట్టుకొని, గరిటెతో చుక్క తీసి అందులో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసేది. పొయ్యి మీది పాకం క్షణక్షణానికి ముదురుతూనే ఉంటుంది, నీళ్లలో పడిన చుక్క మాత్రం ఆ క్షణం దగ్గరే ఆగిపోతుంది. మేము చేసేదీ అదే. గాజు పిపెట్‌తో సుమారు 1 మిల్లీలీటరు తీసి చల్లని సీసాలో వదిలితే అందులోని కణాల పెరుగుదల అక్కడే నిలిచిపోతుంది, ఫ్లాస్కులోనివి పెరుగుతూనే ఉంటాయి. తొలి నమూనాలు కొన్ని సెకన్ల తేడాతో తీయాలి, ఎందుకంటే పెరుగుదల మొదట్లోనే అతి వేగంగా ఉంటుంది. తరువాతి వాటికి అర నిమిషం వ్యవధి ఇచ్చినా రంగు కొద్దిగానే కదులుతుంది. ఈ పనికి ఇద్దరు తప్పనిసరి. ఒకరు పిపెట్ పట్టుకుంటే మరొకరు గడియారం చూస్తూ సెకన్లు పైకి చదవాలి. పగటి వెలుతురులో ఆ సీసాలు లేత పసుపు నుండి నారింజ వరకు మామూలు రంగు నీళ్లలాగే కనిపిస్తాయి. దీపం వెలిగించిన తరువాతే వాటి అసలు రూపం తెలుస్తుంది.

ఎక్కువ సేపు ఉంచితే ఇంకా మంచి ఎరుపు వస్తుందని అనుకోవడం పొరపాటు. మూల పదార్థం సమృద్ధిగా ఉన్నంత వరకు చిన్న కణాలు పెద్ద వాటికంటే త్వరగా పెరిగి వాటిని అందుకుంటాయి, పరిమాణాలు దగ్గరవుతాయి. అది తరిగిపోయిన తరువాత కథ తిరగబడుతుంది: చిన్న కణాలు కరిగిపోతూ, వాటి నుండి వచ్చిన పదార్థంతో పెద్దవి ఇంకా పెరుగుతాయి, పరిమాణాల మధ్య దూరం పెరుగుతుంది. అందువలన ఎరుపు నమూనా కావలసినప్పుడు మేము ఇదే ఫ్లాస్కును గంటల తరబడి పొయ్యి మీద ఉంచము. ఉష్ణోగ్రతను పెంచి, మూల పదార్థాల మోతాదు మార్చి, వేరుగా ఒక ప్రయోగం చేస్తాము.

తరువాత మిగిలేది శుద్ధి. నమూనాకు ఇథనాల్ కలిపితే కణాలు ద్రావణంలో నిలవలేక మబ్బు పట్టినట్లు తెల్లబారి విడిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ముద్దలా చేరతాయి. పైన ఉన్న ద్రవాన్ని తీసివేసి ఆ ముద్దను హెక్సేన్‌లోనో టోలుయీన్‌లోనో కరిగిస్తే మళ్లీ తేటపడుతుంది. ఎన్నిసార్లు కడిగితే అంత మంచిదని నమ్మి నేను ఒక పచ్చని నమూనాను ఐదు సార్లు కడిగాను. రెండో కడుగు తరువాత కూడా చక్కగా వెలిగిన ఆ ద్రావణం ఐదో కడుగు తరువాత దీపం కింద దాదాపు ఆరిపోయింది. పగటి రంగు మాత్రం మారలేదు. కణాలు అలాగే ఉన్నాయి, వాటిని కప్పి ఉంచిన ఒలీక్ ఆమ్లపు పొర కొట్టుకుపోయింది. కప్పు పోయిన చోట ఉపరితలంపై అసంపూర్ణ బంధాలు మిగిలి, ఎలక్ట్రాన్ కాంతిని విడుదల చేయకుండానే అక్కడ చిక్కుకొని వేడిగా శక్తిని కోల్పోతుంది. 3 నానోమీటర్ల కణంలో ఉండేవే కొన్ని వందల పరమాణువులు. వాటిలో పెద్ద వంతు ఉపరితలం మీదనే ఉంటాయి. ఇంత చిన్న వస్తువుకు లోపలి భాగం కంటే పై పొరే ప్రధానమన్న సంగతిని పుస్తకంలో చాలా సార్లు చదివాను, ఆ ఆరిపోయిన సీసాతోనే నాకు అది నిజంగా అర్థమైంది.

ఉపరితలాన్ని కాపాడడానికి స్థిరమైన మార్గం కణం చుట్టూ మరొక అర్ధవాహకపు పెంకును పెంచడం. జింకు సల్ఫైడ్ బ్యాండ్ గ్యాప్ సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే కాడ్మియం సెలినైడ్‌కు రెండింతలు. కాబట్టి లోపలి ఎలక్ట్రాన్, హోల్ ఆ గోడను దాటి ఉపరితలానికి రాలేవు. 1996లో ఇలా పెంకు కట్టిన కణాలు పీల్చుకున్న కాంతిలో దాదాపు సగాన్ని తిరిగి వెలుగుగా ఇచ్చాయి. అయితే ఈ రెండు పదార్థాల స్ఫటిక అల్లికల మధ్య సుమారు 12 శాతం తేడా ఉన్నందున పెంకు మందం పెరిగితే పగుళ్లు, లోపాలు ఏర్పడతాయి. నడుమ కాడ్మియం సల్ఫైడ్ వంటి మధ్యస్థపు పొరను వేస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఇది చాలా ఓపిక కోరే పని, ఎందుకంటే మూల పదార్థాలను చుక్క చుక్కగా వేయాలి. వేగం పెరిగితే పెంకుకు బదులు జింకు సల్ఫైడ్ తానే వేరు కణాలుగా పుడుతుంది. ఇంజెక్షన్‌లో ఏ వేగం మనకు ప్రాణమో, ఇక్కడ అదే వేగం చేటు చేస్తుంది.

కాడ్మియం గురించి సూటిగా చెప్పాలి. అది మూత్రపిండాలలో చేరి ఏళ్ల తరబడి నిలిచిపోయే విష లోహం. యూరోపియన్ యూనియన్ ఎలక్ట్రానిక్ వస్తువుల పదార్థాలలో దానిని బరువులో 0.01 శాతానికి పరిమితం చేసింది. సీసానికి, పాదరసానికి ఇచ్చిన పరిమితి 0.1 శాతం. మా ప్రయోగంలో వాడేది 13 మిల్లీగ్రాములే అయినా, ఆ పొడిని తూచే వారు మాస్కు, చేతి తొడుగులు లేకుండా డబ్బా మూత తీయరాదు, ఒక్క చుక్క వ్యర్థం కూడా సింకులోకి పోరాదు. కడిగిన ఇథనాల్, తుడిచిన కాగితం, వాడిన పిపెట్ అన్నీ పేరు, తేదీ రాసిన వేరు డబ్బాలలోకే వెళతాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేటలు చెరువుల ఊళ్లు. కాకతీయుల కాలం నుండి గొలుసుకట్టు చెరువుల మీద బతికిన నేలలో, సింకు గొట్టం చివరికి ఎక్కడ తేలుతుందో ఆలోచించకుండా ఈ పని చేయడాన్ని నేను అంగీకరించలేను. ఈ విషయంలో నిర్లక్ష్యం చూపిన విద్యార్థిని ఎంత చురుకైనవారైనా ఆ రోజుకు పని ఆపించాను.

కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ కణాలు ఇప్పటికే టీవీ తెరల్లోకి వచ్చాయి. వాటిని ప్రయోగశాలలో తయారు చేయడం మాత్రం ఇంత సులభం కాదు. ఇండియం, ఫాస్ఫరస్‌ల బంధం బలమైనది కావడం వలన మూల పదార్థాలు చురుకుగా ఉండాలి, అవి చురుకుగా ఉంటే బీజాలు పుట్టే దశ అదుపు తప్పుతుంది. పైగా ఆక్సిజన్, తేమ ఏ కొంచెం చేరినా ఉపరితలం ఆక్సీకరణం చెంది వెలుగు తగ్గుతుంది. మొదట్లో వాడిన ఫాస్ఫరస్ సమ్మేళనం గాలిలో అంటుకునేది. ఇప్పుడు దాని బదులు అమైనోఫాస్ఫీన్లు అనే సమ్మేళనాలను వాడే మార్గం కొంత సురక్షితంగా ఉంది. మేము ఆ దిశగా అడుగులు వేస్తున్నాము, ఇంకా చెప్పుకోదగిన నమూనా చేతికి రాలేదు.

నిరుడు వేసవిలో, గది ఉష్ణోగ్రతే 38 డిగ్రీలు దాటిన ఒక మధ్యాహ్నం, పాత బీరువా సర్దుతుండగా నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు దాచిన పది సీసాల వరుస దొరికింది. మూతలు బిగించే ఉన్నాయి. వాటిని చీకటి గదికి తీసుకుపోయి దీపం వేశాను. చివరి నారింజ సీసా కొంచెం మసకబారినా స్పష్టంగానే వెలిగింది, దాని పక్కన ఉన్న పసుపు సీసా కూడా వెలిగింది. నడిమి పచ్చని వాటిలో వెలుగు పొరలు పొరలుగా తగ్గి ఉంది. మొదటి నీలి ఆకుపచ్చ సీసా ఏమీ వెలగలేదు. బల్ల మీద ఒక్క రోజు ఉంచిన కణాలలో బ్రూస్ చూసినది పెరుగుదల. నా సీసాలలో ఏళ్ల తరువాత కనిపించినది బహుశా క్షయం, ఎందుకంటే చిన్న కణానికి ఉపరితలం ఎక్కువ, మూత సందుల్లో నుండి చేరిన ఆక్సిజన్ ముందుగా దానినే తిని ఉంటుంది. ఆ పది సీసాలకూ శోషణ, ఉద్గార కొలతలు తీసి నోటుబుక్కులో పాత అంకెల పక్కన రాసిపెట్టాను. ఈ దసరా సెలవుల తరువాత వచ్చే విద్యార్థుల చేత మొదటి సీసా పరిమాణంలోనే కొత్త కణాలను చేయించి, సగానికి జింకు సల్ఫైడ్ పెంకు కట్టించి, సగాన్ని అలాగే వదిలి, రెండింటినీ అదే బీరువాలో అదే అరలో పెట్టాలని అనుకుంటున్నాను.